52 వేల ల్యాప్‌టాప్‌తో నాలుగున్నరేళ్లు: స్పెక్ షీట్‌లో కనిపించని సంగతులు

గత ఏడాది జూలైలో నా ల్యాప్‌టాప్ ట్రాక్‌ప్యాడ్ సరిగ్గా క్లిక్ అవడం మానేసింది. వేలితో తడితే పనిచేస్తోంది, నొక్కితే మాత్రం రాయిలా ఉంది. లోపల దుమ్ము చేరిందేమో అనుకుని రెండు వారాలు మౌస్ పెట్టుకుని లాగించేశా. కొని అప్పటికే నాలుగేళ్లు కావస్తోంది. పనికి ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ వేరే ఉంది, కాబట్టి దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. పైగా ఇంకొన్ని రోజుల్లో దీన్ని చెల్లికి ఇచ్చేద్దామని నా ప్లాన్. తనకి విజయవాడలో బీటెక్ సీటొచ్చింది. ఇచ్చే ముందు ఓసారి సర్వీస్ చేయిద్దామని ఓ శనివారం సికింద్రాబాద్ సీటీసీకి తీసుకెళ్లా.

షాపులో అబ్బాయి దాన్ని బల్ల మీద పెట్టి, కిందికి వంగి పక్క నుంచి చూశాడు. స్విచ్ ఆన్ కూడా చేయలేదు.

"భయ్యా, ట్రాక్‌ప్యాడ్ మంచిగనే ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బింది."

స్క్రూలు తీసి కింది ప్యానెల్ విప్పి చూపించాడు. మూడు సెల్స్‌లో రెండు పూరీల్లా పొంగి ఉన్నాయి. అవి పైకి తన్నడం వల్లే ట్రాక్‌ప్యాడ్ కదలట్లేదు. అంటే రెండు వారాలుగా నేను ఉబ్బిన బ్యాటరీని పై నుంచి వేలితో నొక్కుతూ వచ్చానన్నమాట. రాత్రిళ్లు చార్జింగ్ పెట్టి, మంచం మీద పక్కనే ఉంచుకుని పడుకున్నా. దాన్నే చెల్లి హాస్టల్ గదికి పంపబోయా.

ఆ రోజు సీటీసీ మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తే నాకే ఆశ్చర్యం వేసింది. నా ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు, ఎన్ని థ్రెడ్లు, బెంచ్‌మార్క్ స్కోరెంత అని నిద్రలో లేపి అడిగినా చెప్తా. బ్యాటరీ ఏ స్థితిలో ఉందో మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ల్యాప్‌టాప్ రివ్యూలు మామూలుగా మొదటి వారం, పది రోజుల అనుభవం మీద రాస్తారు. మనం కొన్నది నాలుగైదేళ్లు వాడతాం. ఈ రెంటి మధ్యలో జరిగేది రాద్దామనే ఇది.

నాన్న అడిగిన ప్రశ్న

2021 ఆగస్టులో కొన్నాం. బీటెక్ ఫస్టియర్ అంతా ఫోన్‌లోనే క్లాసులు విన్నా. సి ప్రోగ్రామ్‌లు కూడా ఫోన్‌లో టైప్ చేసి రన్ చేసిన బ్యాచ్ మాది. సెకండియర్‌కి వచ్చేసరికి ఇక లాభం లేదని నాన్న చీటీ పాడారు. నరసరావుపేటలో ఆయనది మోటార్ వైండింగ్ షాపు. కరోనా ఏడాది, పని సగానికి పడిపోయిన టైమ్. 50 వేలు బడ్జెట్ అన్నారు, బిల్లు 52,490 అయింది.

దానికోసం నేను నెలరోజులు రిసెర్చ్ చేశా. యూట్యూబ్‌లో రివ్యూలు చూసి ఎక్సెల్ షీట్ కూడా తయారు చేశా. చివరికి తేల్చింది ఇది: రైజెన్ 5 5500యూ, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే కింద చెప్పబోయేవి ఆ రేటులో దాదాపు ఏ కంపెనీ మోడల్ తీసుకున్నా ఎదురయ్యేవే.

షాపులో నేను ప్రాసెసర్ గురించి మాట్లాడుతుంటే నాన్న దాన్ని తిరగేసి పట్టుకుని, సేల్స్ అబ్బాయిని ఒకటే అడిగారు. "దీనికి గాలి ఎటునుంచి పోద్ది?" ఆ అబ్బాయికి అర్థం కాలేదు. నాకైతే సిగ్గేసింది. "ల్యాప్‌టాప్‌కి గాలేంటి నాన్నా, పదండి" అని బయటికి తీసుకొచ్చేశా.

స్క్రీన్

స్పెక్ షీట్‌లో "ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్" అని పెద్దగా ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో "250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. రెండో లైన్ నేను చదివా, కానీ అర్థం తెలియలేదు. 250 నిట్స్ అంటే గదిలో ఓకే, కిటికీ పక్కన కూర్చుంటే మన మొహమే కనిపిస్తుంది. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో ఇంచుమించు మూడింట రెండొంతులే ఆ స్క్రీన్ చూపించగలదు. మిర్చి ఎరుపు కాస్తా ఇటుక రంగులో కనిపిస్తుంది.

సినిమాలకి సర్దుకుపోయా. థర్డియర్‌లో మినీ ప్రాజెక్ట్‌కి యాప్ చేస్తున్నప్పుడు అసలు సంగతి తెలిసింది. నా స్క్రీన్ మీద చక్కగా ఉన్న నారింజ రంగు బటన్, ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేస్తే కళ్లలో గుచ్చుకుంటోంది. అప్పటి నుంచి ఏ రంగు పెట్టినా ఫోన్‌లో చూసే ఖాయం చేసుకునేవాణ్ని. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తర్వాతైనా మార్చుకోవచ్చు. స్క్రీన్ మార్చడం అంటే చాలా మోడల్స్‌లో కుదిరినా ఖర్చు, తలనొప్పి రెండూ ఎక్కువే. కొన్న రోజున ఏది వచ్చిందో దాంతోనే కాపురం.

11 నిమిషాలు

8 జీబీ ర్యామ్ చాలు అని 2021లో అందరూ అన్నారు. అబద్ధం కాదు, ఆ రోజుకి చాలు. కానీ 8 జీబీలో మన చేతికి వచ్చేది 8 కాదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌లోంచి వాటా తీసుకుంటుంది. నా దాంట్లో టాస్క్ మేనేజర్ 7.4 జీబీ చూపించేది. విండోస్ 11కి మారాక ఏమీ తెరవకుండానే సగం దాకా నిండిపోయేది. పైన క్రోమ్, వీఎస్ కోడ్, క్లాసు కోసం మీటింగ్ యాప్ పెడితే 90 శాతం. ఆండ్రాయిడ్ స్టూడియోకి గూగుల్ చెప్పే కనీస అవసరమే 8 జీబీ, ఎమ్యులేటర్ కూడా వాడాలంటే 16. నేను ఎమ్యులేటర్ ఆన్ చేసి టీ తాగి వచ్చేవాణ్ని.

ర్యామ్ నిండితే సిస్టమ్ ఆగిపోదు. ర్యామ్‌లో పట్టనివి ఎస్‌ఎస్‌డీ మీద ఓ మూల పెట్టుకుని, కావాలన్నప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత స్పీడున్నా ర్యామ్ దరిదాపుల్లోకి రాదు. అందుకే ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కి వెళ్తే అర సెకను ఆలోచించినట్టు ఉంటుంది. ఆ అర సెకన్లకి మనం అలవాటు పడిపోతాం, అదే ప్రమాదం.

2023 సెప్టెంబర్, ఫైనలియర్, ప్లేస్‌మెంట్లు. ఓ కంపెనీ ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్, 90 నిమిషాలు, రెండు ప్రాబ్లమ్స్. కెమెరా, స్క్రీన్ రెండూ రికార్డ్ అవుతూ ఉండాలి, దానికి వాళ్ల ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. రెండో ప్రాబ్లమ్ మధ్యలో ఉన్నా. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో అప్‌డేట్ డౌన్‌లోడ్ మొదలైంది. స్క్రీన్ బిగుసుకుపోయింది. మౌస్ కర్సర్ సెకనుకో అడుగు వేస్తోంది. రీస్టార్ట్ చేస్తే టెస్ట్ నుంచి బయటికి పంపేస్తారేమో అని భయం, చేయకపోతే టైమ్ పోతోంది. చివరికి రీస్టార్ట్ చేసి మళ్లీ లాగిన్ అయ్యేసరికి 11 నిమిషాలు పోయాయి. లాజిక్ మొత్తం బుర్రలోనే ఉంది, సగం కూడా టైప్ చేయలేకపోయా. ఆ టెస్ట్ పోయింది.

ర్యామ్ ఉంటే ఆ ఉద్యోగం వచ్చేదని చెప్పను. తర్వాత ఇంటర్వ్యూలు కూడా ఉన్నాయిగా. కానీ తర్వాతి వారమే 8 జీబీ డీడీఆర్4 స్టిక్ ఒకటి 1,900కి కొని వేయించా. నా అదృష్టం, ఆ మోడల్‌లో ఒక స్లాట్ ఖాళీగా ఉంది. 2021లో నేను చేసిన ఎక్సెల్ షీట్‌లో ఆ కాలమే లేదు! 1,900 రూపాయల తేడా ఏంటో మాటల్లో చెప్పడం కష్టం. ఒకటికి రెండు స్టిక్‌లు అయ్యేసరికి మెమరీ డ్యుయల్ చానెల్‌లో నడుస్తుంది, లోపలి గ్రాఫిక్స్‌కి అది ఇంకా పెద్ద సాయం. వాలొరెంట్‌లో కూడా తేడా తెలిసింది. రెండేళ్లు ఊరికే ఓర్చుకున్నానే అనిపించింది.

ఇదే పని ఇప్పుడు చేయాలనుకునేవాళ్లకి ఓ చేదు కబురు. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ అయితే తన క్రూషియల్ బ్రాండ్‌లో మామూలు వినియోగదారులకి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. "ఇప్పుడు 8 తీసుకుని తర్వాత 16 చేసుకుందాం" అనే పాత లెక్క ఈ ఏడాది కుదరకపోవచ్చు. కొనేటప్పుడే 16తో తీసుకోవడం నయం.

వేడి, దుమ్ము, హింజ్

హాస్టల్‌లో టేబుల్ ఉంటుంది, దాని మీద బట్టలు ఉంటాయి. ల్యాప్‌టాప్ మంచం మీదే. పరుపు మీద పెడితే కింద ఉన్న గాలి రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. ఫ్యాన్ ఎంత గింజుకున్నా పీల్చడానికి గాలి ఉండదు. ప్రాసెసర్ వేడి ఓ హద్దు దాటాక తన్ను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది, దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటాం. 2022 వేసవి సెలవుల్లో ఇంట్లో కూర్చుని గేమ్ ఆడితే పది నిమిషాలకే స్లైడ్ షో అయిపోయేది. నేను గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేశా, విండోస్ రీసెట్ చేశా, బయాస్ కూడా అప్‌డేట్ చేశా.

నాన్న సాయంత్రం షాపు నుంచి వచ్చి చెయ్యి పెట్టి చూశారు. "ఏందిరా ఇంత కాలుతోంది, గాలాడకపోతే ఏ మోటారైనా మాడిపోద్ది" అన్నారు. మర్నాడు పొద్దున్నే షాపు నుంచి చిన్న స్క్రూడ్రైవర్లు, రెండు బ్రష్‌లు తెచ్చారు. వారంటీ ఇంకో రెండు నెలలుందని నేను అడ్డం పడ్డా. వారంటీ అవగానే విప్పాం. ఫ్యాన్‌కీ, రాగి గొట్టం చివర ఉండే రేకులకీ మధ్య దుమ్ము పలుచటి దుప్పటిలా పేరుకుపోయి ఉంది. నాన్న ఫ్యాన్ తిరగకుండా ఓ వేలితో పట్టుకుని, బ్రష్‌తో దులిపారు. థర్మల్ పేస్ట్ తర్వాతెప్పుడో మార్పించా. ఆ రోజు మాత్రం ఒక్క దుమ్ము తీసినందుకే ఆట మళ్లీ ఆటలా నడిచింది. డ్రైవర్లు మార్చింది నేను, బాగుచేసింది ఆయన.

ఇంకో విషయం కూడా నాన్నే పట్టుకున్నారు. చార్జింగ్‌లో ఉన్నప్పుడు పక్కనున్న యూఎస్‌బీ పోర్ట్ అంచు తగిలితే వేలికి సన్నగా జివ్వుమనేది. నేను స్టాటిక్ అనుకున్నా. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో బలవంతంగా దూర్చి వాడుతున్నా, ఎర్త్ లేదు. ఇది చదువుతున్న హాస్టల్ జనాభాలో సగం మంది ఇప్పుడు అలాగే వాడుతుంటారని నా గట్టి నమ్మకం. దయచేసి మూడు పిన్నుల సాకెట్ వెతుక్కోండి.

హింజ్ కథ చిన్నది. ఈ రేటు ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి స్క్రీన్‌ని పట్టుకునే హింజ్ లోహానిదే, కానీ దాన్ని బిగించేది ప్లాస్టిక్‌లో గుచ్చిన చిన్న ఇత్తడి నట్లకి. మూతని ఎప్పుడూ ఒక మూల పట్టుకుని లేపుతుంటే బరువంతా ఒక వైపు హింజ్ మీదే పడి, ఆ నట్లు ప్లాస్టిక్‌తో సహా ఊడొస్తాయి. 2024లో నాది కుడివైపు టప్‌మని లేచింది. సర్వీస్ సెంటర్‌లో మూత మొత్తం మార్చాలన్నారు, చెప్పిన రేటుకి నేను నవ్వి వచ్చేశా. బయట నట్లని మళ్లీ గట్టిగా అతికించి 1,200 తీసుకున్నారు. ఇప్పటికీ పట్టుకుని ఉంది. అప్పటి నుంచి మూత మధ్యలో పట్టుకునే తెరుస్తున్నా.

బ్యాటరీ దగ్గరికి వద్దాం

నాలుగేళ్లూ దాన్ని నేను యూపీఎస్‌లాగే వాడా. ఎప్పుడూ ప్లగ్‌లోనే, ఎప్పుడూ 100 శాతం. లిథియం అయాన్ సెల్‌కి పడనివి రెండు: ఎక్కువ వేడి, ఎక్కువకాలం ఫుల్ చార్జ్‌లో ఉండటం. నేను రెండూ ఇచ్చా. పాతబడే కొద్దీ లోపలి ఎలక్ట్రోలైట్ విడిపోయి వాయువు పుడుతుంది. సెల్ పైన ఉన్నది మెత్తటి సంచిలాంటి కవర్, వాయువు బయటికి పోయే దారి లేక ఉబ్బుతుంది.

ముందే తెలుసుకునే వీలుంది, అదే నాకు మండే విషయం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్" అని ఇంగ్లిష్‌లో కొడితే చాలు, ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది కొత్తలో ఎంత పట్టేది, రెండోది ఇప్పుడు ఎంత పడుతోంది. సీటీసీలో బ్యాటరీ తీసేశాక, పాత రిపోర్ట్ ఏదైనా ఉందేమోనని హాస్టల్‌కొచ్చి చార్జర్ మీద ఆన్ చేసి వెతికా. లేదు. ఎప్పుడూ తీయలేదు కాబట్టి ఉండదు. అయితే కెపాసిటీ తగ్గడం వేరు, ఉబ్బడం వేరు. రిపోర్ట్‌లో అంకెలు బాగానే ఉన్నా ఉబ్బొచ్చు. ట్రాక్‌ప్యాడ్ గట్టిపడటం, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగడం, మూత పూర్తిగా మూసుకోకపోవడం, కింది ప్యానెల్ అంచు దగ్గర సందు రావడం కనిపిస్తే అది ఉబ్బడమే కావొచ్చు. వెంటనే చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, షాపుకి తీసుకెళ్లాలి. గుచ్చడం, నొక్కి సరిచేయాలని చూడటం అస్సలు వద్దు. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్‌కే ఇవ్వండి.

దాదాపు అన్ని కంపెనీల యాప్‌ల్లోనూ చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంది. నా దాంట్లో కూడా కొన్న రోజు నుంచే ఉంది. కొత్త ల్యాప్‌టాప్ రాగానే "అనవసరమైన యాప్‌లు" అని నేను తీసేసినవాటిలో అదొకటి.

కొత్త బ్యాటరీ 3,400. అదే పార్ట్ నంబర్ ఉందో లేదో, తయారైన తేదీ ఎప్పటిదో అడిగి చూసి తీసుకోండి. డబ్బాలో ఊరికే పడి ఉన్నా సెల్ పాతబడుతూనే ఉంటుంది.

చెల్లి అన్న మాట

బ్యాటరీ కొత్తది, ర్యామ్ 16, హింజ్ గట్టిగా ఉంది, లోపల శుభ్రం. చెల్లికి ఇవ్వడానికి రెడీ అనుకుని ఇంటికి వెళ్లా. నా లెక్క సింపుల్: దానికి ఇది ఇచ్చేసి, నేను నా జీతంతో కొత్తది కొనుక్కుంటా. నాన్నకి ఖర్చు సున్నా.

చెల్లి దాన్ని తెరిచి పది నిమిషాలు వాడింది. తర్వాత మామూలుగానే అడిగింది. "అన్నయ్యా, నీకు కూడా సెకండియర్‌లో పాతదే ఇచ్చుంటే తీసుకునేవాడివా?"

నేను ప్రాసెసర్ ఇంకా బాగుందని చెప్పబోయా. అది వినలేదు. "రోజూ బస్సులో మోసుకెళ్లేది నేను. ఇది బరువు. కరెంటు పోతే ఎంతసేపు వస్తుంది? చీకట్లో కీస్ కనిపిస్తాయా? నీకు ఆఫీసుది ఉంది, ఇది ఇంట్లోనే కదా ఉంటుంది."

నా దగ్గర జవాబు లేదు. దాని బరువు 1.8 కిలోలు, చార్జర్ కాక. కీబోర్డ్ లైట్ లేదు. రూమ్మేట్లు పడుకున్నాక ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని టైప్ చేసిన రాత్రులు నాకూ గుర్తున్నాయి. అమ్మ మధ్యలోకి వచ్చి "వాడికి కొత్తది కొని దానికి పాతది ఇస్తే బాగుంటుందా?" అంది. నాన్న ఏమీ అనలేదు, చీటీ పుస్తకం తీశారు. ఆ పుస్తకం చూశాక నేనే కొంటానన్నా.

మళ్లీ రిసెర్చ్. కానీ ఈసారి షీట్‌లో కాలమ్స్ వేరు. బరువు ఎంత, టైప్-సీ పోర్ట్‌లో చార్జింగ్ ఎక్కుతుందా లేదా (నా పాతదాంట్లో టైప్-సీ ఉంది, కానీ డేటాకి మాత్రమే), స్క్రీన్ ఎన్ని నిట్స్, ర్యామ్ బోర్డు మీద అతికించిందా, స్లాట్ ఉందా. ప్రాసెసర్ పేరు చివర్లో చూశాం. అక్కడ కూడా ఓ మతలబు ఉంది. రైజెన్ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌ల పేర్లలో మొదటి అంకె ఏ ఏడాది మోడలో చెప్తుంది, మూడో అంకె అసలు ఏ తరం డిజైనో చెప్తుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది జెన్ 2, నాలుగు కోర్లు. 7530యూ అయితే జెన్ 3, ఆరు కోర్లు. పేరులో పది అంకెల తేడా, పనిలో చాలా తేడా. 2021లో నేను కొన్న 5500యూ కూడా పేరుకి 5000 సిరీసే, లోపల జెన్ 2. ఆ సంగతి కొన్న ఏడాదికి తెలిసింది. ఇంటెల్‌లో కూడా కొత్త పేరు ఉన్నంత మాత్రాన కొత్త చిప్ అనుకోవద్దు. కోర్ 5 120యూ లోపల ఉన్నది 13వ తరం డిజైన్‌కే మెరుగులు దిద్దిన రూపం.

షాపుల్లో మేం తిరిగింది ఆగస్టులో. చెల్లి ప్రతి ల్యాప్‌టాప్‌నీ ఒంటిచేత్తో లేపి చూసింది, మూత మధ్యలో ఓ వేలితో తెరిచి చూసింది. బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి వీధి వైపు తిప్పమంది. సేల్స్ వాళ్లకి విసుగొచ్చింది. చివరికి తీసుకున్నది 14 అంగుళాలది, 7530యూ, 16 జీబీ, 300 నిట్స్, 1.4 కిలోలు, కీబోర్డ్ లైట్, టైప్-సీ చార్జింగ్. 54,990. గేమింగ్‌కి అంత గొప్పది కాదు, అంతే డబ్బుకి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కావాలంటే బరువు, చార్జర్ సైజు రెండూ పెరుగుతాయి. చెల్లి గేమ్స్ ఆడదు. నేనైతే మళ్లీ గేమ్స్ కోసమే చూసేవాణ్ని, అందుకే చివరి మాట దానికే వదిలేశా.

నెల తిరగ్గానే నాన్న ఫోన్. జీఎస్టీ తగ్గిందంట, తొందరపడ్డామా అని. పెద్ద టీవీలు, ఏసీలకి సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. ల్యాప్‌టాప్‌లు ముందు నుంచీ 18లోనే ఉన్నాయి కాబట్టి మనకి పోయిందేం లేదని చెప్పా. ఆ తర్వాత ర్యామ్ ధరల వార్తలు వచ్చాయి కాబట్టి ఇంకా హాయిగా ఉన్నారు.

పాతది నా దగ్గరే ఉండిపోయింది. కొత్తది కొనుక్కోవాలన్న ఆలోచన మానేశా, మోజు లేక కాదు, పని జరుగుతోంది కాబట్టి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది, ఇది ముందే 11కి మారిపోయింది కాబట్టి ఆ గొడవ లేదు. మీ దగ్గర పాతది ఉంటే, లేదా సెకండ్ హ్యాండ్‌ది చూస్తుంటే, ఇంటెల్‌లో 8వ తరం, రైజెన్ ల్యాప్‌టాప్ చిప్‌లలో 3000 సిరీస్ కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదని గుర్తుంచుకోండి. స్క్రీన్ ఇప్పటికీ ఇటుక రంగే. దానికో పాత మానిటర్ తగిలించా. చార్జింగ్ 80 దగ్గర ఆగుతోంది. నెలకోసారి బ్యాటరీ రిపోర్ట్ తీస్తున్నా, ఆరు నెలల్లో పెద్దగా తగ్గలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక చెల్లి హాస్టల్‌కి వెళ్తూ ల్యాప్‌టాప్ చార్జర్ ఇంట్లోనే మర్చిపోయింది. మర్నాడు ల్యాబ్ రికార్డు సబ్మిట్ చేయాలి. నేను ఇక్కడ కంగారుపడి కొరియర్ సంగతి చూస్తుంటే మెసేజ్ పెట్టింది, రూమ్మేట్ ఫోన్‌కొచ్చిన 65 వాట్ల టైప్-సీ చార్జర్ పెడితే ఎక్కుతోందని. అన్ని ఫోన్ చార్జర్లకీ ఇలా కుదరదు, పవర్ డెలివరీ ఉండాలి అని నేను పేరా రాసి పంపా. దానికి రిప్లై రాలేదు. రాత్రి రెండింటికి ఫొటో ఒకటి వచ్చింది: చీకటి గది, వెలుగుతున్న కీబోర్డ్, పక్కన సగం తిన్న జంతికలు.